నికాన్ ఎఫ్ నెత్తిన ఉన్నది ఏ ఫైండర్?

ప్రశ్న: పెదనాన్నగారి పాత నికాన్ ఎఫ్ ఫిల్మ్ కెమెరా నాకొచ్చింది. పైన పెట్టెలాంటి ఫైండర్ (కన్ను పెట్టి చూసే భాగం) ఉంది, ఇంకొకటి విడిగా సంచిలో ఉంది. ఏది ఏ మోడల్? రెండూ ఈ బాడీకి పడతాయా?

జవాబు: 1959లో వచ్చిన ఈ కెమెరాకు ఫైండర్ ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చు. అందుకే బాడీ సీరియల్ నంబర్ చూసి ఫైండర్ ఏదో తేల్చలేం. ఫైండర్‌నే తిప్పి చూడండి.

డయల్ ఏదీ లేకుండా కొనదేలిన కప్పులా ఉంటే అది మామూలు ప్రిజమ్, వెలుతురు కొలిచే మీటర్ ఉండదు. ముందు గుండ్రటి కిటికీ ఉంటే 1962 నాటి ఫొటోమిక్. ఇది వెలుతురును ఆ కిటికీ నుంచే కొలుస్తుంది, లెన్స్ గుండా కాదు.

కిటికీ లేకుండా మీటర్ ఉంటే లెన్స్ గుండా కొలిచే రకం. తికమకంతా ఇక్కడే. 1965 నాటి ఫొటోమిక్ టి మొత్తం ఫ్రేమ్‌కూ సగటు తీస్తుంది. 1967 నాటి టిఎన్ మధ్య భాగానికి 60 శాతం ప్రాధాన్యం ఇస్తుంది. చూడ్డానికి రెండూ కవలలే; టిఎన్ మీద చిన్న ‘ఎన్’ అక్షరం ఉంటుంది, భూతద్దం పెట్టి వెతకండి. అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే పేరుతో పెట్టేస్తుంటారు.

1968 నాటి ఎఫ్‌టిఎన్‌ను పరీక్షించడం తేలిక. లెన్స్ అపర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రం సైజును) ఎఫ్/5.6 దగ్గర ఉంచి బిగించండి. అపర్చర్ రింగును ఒక చివరి దాకా, మళ్లీ రెండో చివరి దాకా తిప్పండి. ఫైండర్ ముందువైపు చిన్న స్కేలు మీద గుర్తు కదిలి, లెన్స్ గరిష్ఠ అపర్చర్ దగ్గర ఆగితే అది ఎఫ్‌టిఎన్. టి, టిఎన్‌లలో ఆ గరిష్ఠ అపర్చర్‌ను చేత్తో సెట్ చేయాలి.

ఇక బాడీకి పడుతుందా అన్నది. తొలినాటి బాడీల్లో ముందున్న నేమ్‌ప్లేట్ టి, టిఎన్, ఎఫ్‌టిఎన్ ఫైండర్లకు అడ్డొస్తుంది. సీరియల్ నంబర్ ముందు ఎర్ర చుక్క ఉంటే టెన్షన్ అక్కర్లేదు, ఆ బాడీని ఈ ఫైండర్ల కోసమే సవరించారు. చుక్క లేని పాత బాడీ అయితే బలవంతంగా నొక్కకండి.

మీటర్ పనిచేసినా దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఈ మీటర్లు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీల కోసం చేసినవి, 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే రీడింగ్ తప్పొచ్చు. నన్నడిగితే, ఫోటోలు తీయడానికైతే మామూలు ప్రిజమే హాయి: బరువు తక్కువ, చెడిపోయేందుకు మీటర్ లేదు.