పోపుల డబ్బా: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నాకు మసాలా దినుసులంటే చిన్నప్పటినుంచీ ప్రాణం. సరుకులకని వెళ్తే జాపత్రి, రాతిపువ్వు, అనాసపువ్వు వాసన చూడకుండా ఇంటికి రాను. బీరకాయ వండినా, గోకరకాయ వండినా నేను స్వయంగా పట్టుకున్న గరం మసాలా ఒక చెంచా వేయనిదే తృప్తి ఉండదు. కానీ ఈ మధ్య మా వారూ పిల్లలూ ఏ కూర తిన్నా ఒక్కతీరుగానే ఉందంటున్నారు. మసాలా మానేయమంటారా? (ఒక గృహిణి, హనుమకొండ)

జవాబు: మసాలాను మానవలసిన అవసరం లేదమ్మా, ఆ ఒక్క డబ్బాను మాత్రం రోజువారీ కూరల దగ్గరినుంచి కొంచెం దూరం జరపండి. దినుసుల మీద అంత ప్రేమ ఉన్నవారు పది దినుసులనూ ఒకే పొడిగా చేసి, దేని వాసన దేనిదో తెలియకుండా కలిపి పెట్టుకోవడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. లవంగం, చెక్క, యాలక, సాజీర కలిసిన పొడి యాట కూరలో అందంగా ఒదుగుతుంది, ఎందుకంటే అక్కడ కొవ్వు ఉంటుంది, కుడుక, గసాలు ఉంటాయి, గంటసేపు ఉడికే వ్యవధి ఉంటుంది. బీరకాయ పది నిమిషాల్లో మగ్గిపోయే నీటి కాయ కనుక ఆ పొడి కింద దాని సొంత తీపి పూర్తిగా అణగిపోతుంది. మీ ఇంటివారు ఒక్కతీరుగా ఉందన్నది కూర గురించి కాదు, ఆ పొడి గురించే.

నేను నిత్యం పాటించే పద్ధతి ఏమిటంటే, ఒక కూరలో ఒక దినుసుకే పెత్తనం ఇవ్వడం. బీరకాయకు వేయించి దంచిన నువ్వుల పొడి, గోకరకాయకు ఎల్లిపాయ కారం, చామగడ్డ పులుసుకు మెంతులు, ఆలుగడ్డ వేపుడుకు జీలకర్ర, చిక్కుడుకాయకు ధనియాల పొడి. మిగిలినవి పోపులో ఉన్నా అవి తోడుగా వచ్చినవే. పచ్చిపులుసును చూడండి, పొయ్యి మీద పెట్టని ఆ పులుసులో కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, జీలకర్ర, నువ్వుల పొడి తప్ప మరేమీ లేకున్నా అది వేరే ఏ పులుసులాగానూ ఉండదు.

ఇక వేసే వేళ సంగతి. దినుసుల వాసన వాటిలోని నూనెలలో ఉంటుంది, ఆ నూనెలు నీటిలో కంటే కాగిన నూనెలోనో నెయ్యిలోనో బాగా కలుస్తాయి. పోపు మొదట పెట్టడానికి కారణం ఇదే. నూనె బాగా కాగిన తరువాత ఆవాలు వేసి, అవి చిటపటలాడి సద్దుమణిగాక మంట తగ్గించి మెంతులు, ఆపై జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ, చివరగా కరివేపాకు వేయాలి. మెంతులు బంగారు రంగు దాటి నల్లబడ్డాయంటే ఆ చేదును ఎంత చింతపండు పోసినా దాచలేరు. అటువంటప్పుడు పోపు పారబోసి మళ్ళీ పెట్టుకోవడమే మేలు, నేను కూడా చాలాసార్లు పారబోశాను. కారం, ధనియాల పొడి వంటివి వట్టి నూనెలో వేస్తే క్షణాల్లో మాడతాయి కనుక ఉల్లిగడ్డో కూరగాయో కొంచెం నీరు విడిచాక వేయండి. గరం మసాలా వేసే రోజున దానిని దించే ముందు చిటికెడు చల్లి మూత పెట్టండి. ఇల్లంతా గుమగుమలాడితే సంతోషిస్తాం కానీ, ఆ వాసన గిన్నెలోంచి బయటికి పోయినదే కదా.

ధనియాలు, జీలకర్ర పదిహేను రోజులకు సరిపడా మాత్రమే సన్నని సెగ మీద వేయించి, పూర్తిగా ఆరిన తరువాత పొడి చేసుకోండి. వేడిగా పడితే ఆవిరికి పొడి చెమ్మగిల్లి ముద్ద కడుతుంది.

ప్రశ్న: తొక్కు కోసం తెచ్చిన చపాట మిర్చి రెండు కిలోలు మిగిలింది. ఎండబెట్టి గిర్నీలో కారం పట్టించవచ్చా? (నర్సంపేట పాఠకురాలు)

జవాబు: నిశ్చింతగా పట్టించుకోండి. టమాటలాగా గుండ్రంగా ఉంటుంది కనుక దీనినే టమాట మిర్చి అని కూడా అంటారు. కండ ఎక్కువ, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే దీనితో మాత్రమే పట్టించిన కారం చూపుకు ఎర్రగా ఉండి నాలుకకు చప్పగా తోచవచ్చు కనుక, మూడు పాళ్ళ చపాటకు ఒక పాలు తేజ రకం కలిపితే మా ఇంటి వాడకానికి సరిపోతుంది. కండ మందం కనుక తొడిమ దగ్గర తడి మిగలకుండా, విరిస్తే ఫెళ్ళున విరిగేదాకా ఎండనివ్వండి, లేకపోతే బూజు పడుతుంది.

ప్రశ్న: మా మామగారికి కారం పడటం లేదు. కారానికి బదులు మిరియాలు వేస్తే కూర రుచి చెడుతుందా? (కాజీపేట నుంచి ఒక కోడలు)

జవాబు: చెడదు సరే, మన ఊళ్ళో అది కొత్త సంగతి కూడా కాదు. మిరపకాయ అమెరికా ఖండాలనుంచి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. వారి ఓడలు మొదటిసారి కేరళ తీరానికి చేరినది 1498లో, కాకతీయుల రాజ్యం ముగిసినది 1323లో. ఓరుగల్లు కోటలో వండిన ఏ కూరలోనూ మిరపకాయ పడలేదన్నమాట. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల మధ్య చందనం, కర్పూరాలతో పాటు మిరియాలు కూడా ఉన్నాయి. ఆనాటి ఘాటు వాటిదే. ముందుగా పొడి చేసి ఉంచకుండా అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి, పప్పుచారులోనూ ఆలుగడ్డ, సొరకాయ కూరల్లోనూ వేయండి. టమాట పులుపుతో మిరియం అంతగా కలవదని నా అభిప్రాయం. మిరియాలు కూడా ఘాటైనవే కనుక కొద్దిగా మొదలుపెట్టి, ఆయనకు ఎంత పడుతుందో చూసి పెంచండి. కడుపులో మంట ఉంటే డాక్టరును అడిగిన తరువాతనే వాడండి.

ప్రశ్న: నిజామాబాద్ వైపు బంధువులు పసుపు కొమ్ములు పంపారు. ఇంట్లో పొడి చేయడం కష్టమా? అంగడి పసుపులో రంగు కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? (జనగామ పాఠకుడు)

జవాబు: ఉడికించి ఎండబెట్టిన కొమ్ము రాయిలాగా ఉంటుంది, నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు పాడవుతుంది. రోట్లో చిన్న ముక్కలుగా నలగ్గొట్టి, ఒక రోజు ఎండలో పెట్టి గిర్నీకి ఇవ్వండి. అంగడి పసుపును పరీక్షించాలంటే గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు లేత పసుపు రంగు నీటిని మిగిల్చి అడుగుకు చేరుతుంది, రంగు కలిపినదైతే నీరంతా చిక్కటి పసుపుగా మారుతుంది. కారాన్ని నీటి మీద చల్లినప్పుడు రంగు చారలు చారలుగా కిందికి దిగితే దానిలోనూ కృత్రిమ రంగు ఉన్నట్టే.

ప్రశ్న: లవంగాల్లో వాసన ఉండటం లేదు. పాతబడ్డాయా, మోసమా? (పరకాల పాఠకురాలు)

జవాబు: నాలుగైదింటిని నీళ్ళలో వేయండి. మంచివి మునుగుతాయి, నూనె తీసేసినవి తేలుతాయి. తేలినవాటిని దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.