నాన్నగారి ఎంజీబీ కోసం పాప ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యాలా?

కాశీబుగ్గలో హార్డ్‌వేర్ షాపు నడుపుకునే ఒకాయన రాశారు. వాళ్ల నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్నప్పుడు కొన్న 1968 ఎంజీబీ, టాప్ తీసేసే స్పోర్ట్స్ కారు, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి షెడ్డు కూలి దానిమీద పడింది, అప్పట్నుంచి టార్పాలిన్ కిందే ఉంది. నాన్నగారు ఇప్పుడు లేరు. ఇంట్లోనే సొంతంగా బాగుచేసుకుంటా, పాప ఇంజినీరింగ్‌కి దాచిన 6 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యనా, బంగారం పెట్టి 4 లక్షలు తేనా అని అడిగారు. ఖర్చులు పోను నెలకి 20 వేలు మిగుల్తాయట.

అన్నగారూ, రెండూ వద్దు. కారు మాత్రం చెయ్యండి, మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఇంట్లో ఖాళీ దొరికినప్పుడు చేసే పని మూడేళ్లైనా పడుతుంది. బంగారం మీద 4 లక్షలకి ఏడాదికి 10 శాతం వేసుకున్నా వడ్డీయే 40 వేలు, మూడేళ్లకి లక్షా 20 వేలు, అందులో ఒక్క బోల్టు కూడా కారుకి రాదు. పాప ఫీజు తేదీ ఆగదు, కారు ఆగుతుంది, ఇన్నేళ్లు ఆగింది కదా.

రూపాయి తియ్యకముందు ఆర్‌సీ వెతకండి. బండి నాన్నగారి పేరు మీద, బెంగాల్ రిజిస్ట్రేషన్‌తో ఉంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలి, వారసుడిగా మీ పేరుకి మార్చుకోవాలి, డెత్ సర్టిఫికెట్ రెడీగా పెట్టుకోండి. 50 ఏళ్లు దాటిన బళ్లకి 2021లో సెంట్రల్ రూల్స్ వచ్చాయి, వాటి కింద వింటేజ్ (పాతకాలపు బండి) రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, కానీ అలా చేయిస్తే రోజూ షాపుకి వేసుకెళ్లడం కుదరదు, ర్యాలీలకి, ఎగ్జిబిషన్లకి, పెట్రోలుకి, రిపేరుకి అంతే. ఇంకోటి, బాడీ, ఇంజిన్ ఒరిజినల్‌గానే ఉండాలి. అందుకే విదేశాల్లో ఎంజీబీకి కొత్త బాడీ షెల్ దొరుకుతున్నా ఆర్టీవో ఆఫీసులో అడక్కుండా ఆర్డర్ పెట్టకండి, రేకు కొయ్యకముందు ప్రతి మూలా ఫోటో తీసి దాచండి.

డబ్బు ఎక్కువ తినేసేది ఇంజిన్ కాదు, తుప్పు. ఎంజీబీకి కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది, తలుపుల కింద పెట్టెల్లా ఉండే సిల్లులే దానికి వెన్నెముక. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, పైగా తుఫాను నీళ్లు. స్క్రూడ్రైవర్‌తో సిల్లు గట్టిగా గుచ్చి చూడండి, లోపలికి దిగితే లోపల రేకు పోయినట్టే. సపోర్టు కట్టకుండా సిల్లు కోస్తే బాడీ మధ్యలో కుంగిపోయి తలుపులు పట్టవు, ఆ ఒక్క పనికి మంచి వెల్డర్‌ని పెట్టుకోండి, డెంటింగోళ్లు పుట్టీ పెట్టి కప్పేస్తామంటే వద్దనండి. విప్పడం, తుప్పు గీకడం, బ్రేకులు, ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు కడగడం మీరే చేసుకోవచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి మాత్రం కిందకి దూరకండి, స్టాండ్లు కొనండి.

నెలకి 8 వేలు ఆర్‌డీ కట్టండి, ఏడాదికి 96 వేలు, వడ్డీ వేరే. మిగతా 12 వేలు పాపకి, ఇంటికి. మొదటి ఏడాది బాడీ, తర్వాతి ఏడాది మెకానికల్, రంగు ఆఖర్న, ఎంత తొందరగా ఉన్నా సరే.

లాభానికి అమ్ముదామని లెక్కలెయ్యకండి, సొంత వాడకం కారు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు, నిజమే, కానీ నష్టమొచ్చినా పన్ను లెక్కలో చూపించుకోలేరు.

ఈ ఆదివారం ఆర్‌సీ దొరికిందా, సిల్లులోకి స్క్రూడ్రైవర్ దిగిందా, రెండూ రాయండి, ఆర్‌డీ 8 వేలు సరిపోద్దో పెంచాలో అప్పుడు చెప్తాను.