గుంటూరు కథలో రెండో పెళ్లి హడావుడిగా అనిపిస్తోందన్న ప్రశ్నకు

కారణం మీ రిజిస్ట్రార్ ఆఫీసు సీనే. భర్త పోయిన ఆమె పొద్దున బ్రాడీపేటలో ఆటో ఎక్కి మధ్యాహ్నానికల్లా పెళ్లి సంతకం పెట్టేస్తే ఎవరు నమ్ముతారు?

1. ప్రత్యేక వివాహ చట్టం (1954) కింద ముందు నోటీసివ్వాలి, 30 రోజులు ఆగాలి. గుడిలో చేసుకుని రిజిస్టర్ చేయిస్తే ఈ గడువుండదు. కానీ మీ కథకు కావాల్సింది ఆ గడువే.

2. చాలామంది వదిలేసేది ఇది: ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. పేరు, వయసు, చిరునామా, 'వితంతువు' అన్న మాటతో సహా. అది అత్తగారి చెవిన పడనివ్వండి. ఆవిడ అరవకుండా బీరువా తీసి, కొడుకు డెత్ సర్టిఫికెట్ తనే వెతికివ్వాలి. డైలాగ్ వద్దు.

3. హాస్పిటల్ ఫ్లాష్‌బ్యాకులన్నీ తీసేయండి. (వాటిలో వినిపించే ఆ వయొలిన్ కూడా!)