ఎమ్యులేటర్ ఉండగా అసలు అమిగా ఎందుకు?

మీరు అడిగినవి రెండు. మీ తమ్ముడు కమోడోర్ కంపెనీ వాళ్ల అమిగా 500 అనే ఎనభైల నాటి హోమ్ కంప్యూటర్ ఒకటి కొని తెచ్చుకుని సెలవు రోజంతా దాని ముందే కూర్చుంటున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (పాత మెషిన్‌ని అనుకరించే ప్రోగ్రామ్) వేసుకుంటే అవే ఆటలు, అవే ప్రోగ్రాములు నడుస్తాయి కదా, మరి ఈ డొక్కు పెట్టె దేనికి అన్నది ఒకటి. దానికి అప్పట్లో పోటీ అయిన అటారీ కంప్యూటర్ వాడేవాళ్లతో గంటల తరబడి ఆ వాదనలేమిటి అన్నది రెండోది. ఇదంతా చిన్ననాటి జ్ఞాపకాల మీద మోజేనా అని కూడా అన్నారు.

ముందు ఆ జ్ఞాపకాల సంగతి తేల్చేస్తాను. నా దగ్గరున్నదీ అదే మోడల్, 1987లో వచ్చింది. చిన్నప్పుడు నేను దాన్ని కంటితో చూడలేదు, పేరు కూడా వినలేదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి, మీరు చెబుతున్న ఆ ఎమ్యులేటర్‌లోనే మొదటిసారి చూశాను. కాబట్టి మోజు ఉన్న మాట నిజమే గానీ, అది చిన్నతనం మీద కాదు.

ఎమ్యులేటర్‌లో ఏదో ఆట ఆడి మూసేద్దామనుకున్నాను. అమిగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్ తెరిచి, పై అంచున ఉన్న పట్టీని మౌస్‌తో పట్టుకుని కిందికి లాగాను. ఒక విండో కాదు, మొత్తం స్క్రీనే తెరలా కిందికి జారింది. దాని వెనకాల ఇంకో స్క్రీన్ ఉంది. దాని రిజల్యూషన్ వేరు, రంగులు వేరు. రెండూ ఒకే మానిటర్ మీద, ఒకే సమయంలో. ఇది ఎమ్యులేటర్ రాసినవాళ్లు చేసిన గమ్మత్తు అనుకున్నాను. కాదని, 1985లో వచ్చిన మొదటి అమిగాలోనే ఉందని తెలిసి ఆ రాత్రి నిద్రపోకుండా చదువుతూ కూర్చున్నాను.

అందులో కాపర్ అని ఒక చిన్న కో-ప్రాసెసర్ ఉంటుంది. దానికి వచ్చిన ఆదేశాలు మూడే. తెర మీద ఫలానా గీత దాకా కిరణం వచ్చేవరకు ఆగు. ఫలానా రిజిస్టర్‌లో (చిప్ లోపలి చిన్న గడిలో) ఫలానా విలువ రాయి. కిరణం ఫలానా చోటు దాటిపోయి ఉంటే తర్వాతి ఆదేశాన్ని వదిలెయ్యి. అంతే. పాత మానిటర్లలో బొమ్మను ఒక ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి గీత గీతగా గీసేది కదా, ఆ గీత ఎక్కడుందో కాపర్‌కి ఎప్పుడూ తెలుసు. సగం తెర అయ్యాక రిజల్యూషన్ మార్చమంటే మారుస్తుంది, ప్రధాన ప్రాసెసర్‌ని కదిలించకుండానే. అందుకే స్క్రీన్‌ని పైకీ కిందికీ లాగొచ్చు గానీ పక్కకి లాగి రెండింటినీ ఒకే గీత మీద చూపించలేం. ఈ చిన్న లోటు గమనించాకే నాకు అసలు పని ఎలా జరుగుతోందో బోధపడింది.

తర్వాత నేనే ఒక కాపర్ లిస్ట్, అంటే కాపర్‌కి ఇచ్చే ఆదేశాల వరుస, రాశాను. ప్రతి పది పన్నెండు గీతలకీ బ్యాక్‌గ్రౌండ్ రంగు కొంచెం మార్చమని. పైన ముదురు నీలం, కింద ఎరుపు, మధ్యలో సంధ్యాకాశం. ప్రోగ్రామ్ లెక్కలో ఉన్నది ఒకే ఒక్క రంగు. తెర మీద మాత్రం పదహారు. ఇన్నేళ్లుగా జీతం కోసం రాసిన కోడ్‌లో అంత సంతోషం ఇచ్చింది ఏదీ గుర్తురావడం లేదు.

ఇదంతా ఎమ్యులేటర్‌లోనే జరిగిందిగా అంటారేమో. నిజమే. చూడటానికి పెద్ద తేడా కూడా లేదు. అసలు మెషిన్‌లో రంగులు వేరుగా ఉంటాయి, ఆ అనుభూతే వేరు అని చెప్పేవాళ్లని నేను పూర్తిగా నమ్మను. ఆ ఊపులోనే ఒకటి కొన్నాను గానీ, మమకారం మాత్రం అది పాడయ్యాకే మొదలైంది.

వాడిన మెషిన్. అమ్మినాయన పనిచేస్తుందనే చెప్పాడు. స్విచ్ వేస్తే తెరంతా ఆకుపచ్చగా అయి ఆగిపోయింది. అమిగా పుట్టుకతోనే తన రోగం రంగుల్లో చెబుతుంది: ఎరుపు వస్తే రామ్‌కి కాదు, రోమ్‌కి జబ్బు, పసుపు వస్తే ప్రాసెసర్ ఎక్కడో తట్టుకుని పడింది, పచ్చ వస్తే చిప్ మెమరీలో తేడా. నేను పచ్చని చూసి, మదర్‌బోర్డ్ మీద మెమరీ చిప్పులు పోయాయని తీర్మానించేసి రెండు వారాలు వాటి చుట్టూ తిరిగాను. ఒకటి ఊడదీసి కొత్తది వేశాను కూడా. అది బాగానే ఉన్న చిప్పు, పాపం.

చివరికి విసుగొచ్చి మెషిన్‌ని బోర్లా తిప్పి, అడుగున ఉన్న మూత తీశాను. లోపల పేరూ ఊరూ లేని ఒక మెమరీ ఎక్స్‌పాన్షన్ కార్డు ఉంది. 512 కేబీ మెమరీని రెట్టింపు చేయడానికి ఎవరో ఎప్పుడో వేసుకున్నది. దాని మీద గడియారం కోసం చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కారిపోయి చుట్టూ పచ్చగా చిలుము పట్టింది, కనెక్టర్ దాకా పాకింది. కార్డు లాగేసి స్విచ్ వేస్తే, ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి బొమ్మ తెర మీద ప్రత్యక్షమైంది. ఒంటరిగా ఉన్న గదిలో గట్టిగా అరిచాను.

ఆ బ్యాటరీలో నుంచి కారేది క్షారం. అందుకే ముందు వెనిగర్ లాంటి పలుచని ఆమ్లంతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి. తుడిచాక చూస్తే ఒక రాగి గీతను చిలుము పూర్తిగా తినేసింది. వెంట్రుకంత తీగతో దాన్ని కలిపాను. నా సోల్డరింగ్ ఇప్పటికీ చూడటానికి అసహ్యంగానే ఉంటుంది. కానీ ఆ మెషిన్ నాది అని అనిపించింది అప్పుడే. ఎమ్యులేటర్ ఎప్పుడూ నా చెయ్యి కాల్చలేదు మరి.

ఇంకో చిన్న సంగతి. డ్రైవ్‌లో డిస్క్ లేకపోతే అమిగా టిక్, టిక్ అని కొట్టుకుంటూనే ఉంటుంది. డిస్క్ పెట్టారో లేదో తెలియాలంటే ఆ డ్రైవ్ హెడ్‌ని ఒక అడుగు జరిపి చూడాలి, అందుకని. ఆ చప్పుడు ఆపడానికి నోక్లిక్ అనే ప్రోగ్రాములున్నాయి. వేసుకున్నాను. రెండు రోజులు గడిచాక తీసేశాను, నిశ్శబ్దంగా ఉంటే మెషిన్ హ్యాంగ్ అయిందేమోనని మాటిమాటికీ అటే చూస్తున్నాను కాబట్టి.

ఇక అటారీ వాళ్ల ఎస్టీ అనే కంప్యూటర్‌తో తగువు. దీనిలో ఉన్న తమాషా తెలిస్తే మీకూ నవ్వొస్తుంది. కమోడోర్‌ని స్థాపించిన జాక్ ట్రామియెల్ 1984 జనవరిలో ఆ కంపెనీ వదిలేసి, అదే ఏడాది అటారీ హోమ్ కంప్యూటర్ల విభాగాన్ని కొన్నాడు. అమిగా చిప్పుల వెనకున్న జే మైనర్ అంతకుముందు అటారీలో పనిచేసి, వాళ్ల మెషిన్లకి చిప్పులు డిజైన్ చేసినవాడు. ఆయన అమిగా కంపెనీని కొన్నది కమోడోర్. అంటే అటారీ మనిషి పనితనం కమోడోర్ పేరుతో, కమోడోర్ మనిషి మెషిన్ అటారీ పేరుతో మార్కెట్‌లోకి వచ్చాయి, రెండూ 1985లోనే, రెండిట్లోనూ అదే మోటరోలా 68000 ప్రాసెసర్. ఇళ్లు మార్చుకుని కాపురం పెట్టి, నీ ఇల్లు మంచిదా నా ఇల్లు మంచిదా అని కొట్టుకున్నట్టు ఉంటుంది.

నాకు ఎస్టీ వాడే స్నేహితుడు ఒకడున్నాడు, సంగీతం చేస్తాడు. వాడి మెషిన్‌కి మిడీ పోర్టులు (సంగీత వాద్యాలు తగిలించేవి) పుట్టుకతోనే ఉన్నాయి. కీబోర్డ్ తగిలించి వాయించడమే. పైగా దాని బ్లాక్ అండ్ వైట్ మానిటర్ మీద 640×400 అక్షరాలు రాయిలా కదలకుండా ఉంటాయి. అంత ఎత్తు రిజల్యూషన్ కావాలంటే నా అమిగా ఇంటర్‌లేస్‌లోకి, అంటే గీత విడిచి గీత గీసే పద్ధతిలోకి వెళ్లి కళ్లు పోయేలా వణుకుతుంది. ఈ రెండూ నేను వాడి ముందు ఒప్పుకున్నాను. ఇంతకు మించి ఇంకేదీ ఒప్పుకోను.

మా అమిగా వాళ్లలో చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. 1994 ఏప్రిల్‌లో కమోడోర్ దివాలా తీసింది. ఎవరినడిగినా తప్పంతా యాజమాన్యానిదే అంటారు. వాళ్ల తప్పు బోలెడుంది. కానీ సగం చిక్కు డిజైన్‌లోనే ఉందని నా నమ్మకం. అమిగా ఒక్కో పిక్సెల్ రంగుని ఒకచోట దాచదు, ఒక్కో బిట్‌ని ఒక్కో పొరలో పెడుతుంది. మెమరీ తక్కువున్న రోజుల్లో, పక్కకి జరిగే ఆటలకి అది అమృతం. 1993 చివర్లో పీసీ మీద డూమ్ అనే షూటింగ్ ఆట వచ్చింది. అలాంటి ఆట పిక్సెల్ పిక్సెల్‌గా తెర నింపాలి, అంటే ప్రతి చుక్కకీ అన్ని పొరలూ తడమాలి. సాదాసీదా గ్రాఫిక్స్ ఉన్న పీసీ అక్కడ దాటిపోయింది. పైగా ఆటలన్నీ నేరుగా చిప్పులతోనే మాట్లాడేవి కాబట్టి చిప్పులు మారిస్తే పాత ఆటలు ఆగిపోయే భయం. నన్ను కట్టిపడేసిన ఆ జారే తెర, దాన్ని ముంచిన ఈ బరువు, రెండూ ఒకే గుణం నుంచి వచ్చినవే: బొమ్మ గీసే కిరణానికి మెషిన్ మొత్తాన్నీ కట్టేయడం. ఈ మాట అన్నందుకు నా మీద రాళ్లు పడతాయి, పడనివ్వండి.

కమోడోర్ పోయాక పేరూ హక్కులూ చేతులు మారాయి, వారసులు చీలిపోయారు. ఆపరేటింగ్ సిస్టమ్‌లే మూడయ్యాయి: అమిగా ఓఎస్ 4 ఒకవైపు, మోర్ఫ్ ఓఎస్ ఒకవైపు, ఏరోస్ ఇంకోవైపు. అన్నదమ్ముల ఆస్తి తగాదా, మనం తలదూర్చొద్దు. పాత మెషిన్లకి మాత్రం 2021లో కూడా 3.2 అని కొత్త ఓఎస్ వచ్చింది, నేను వేసుకున్నాను.

మీ తమ్ముడిని ఎమ్యులేటర్ గురించి అడగకండి, దానికి వాడి దగ్గర జవాబు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంటుంది. పక్కన కూర్చుని ఆ స్క్రీన్‌ని కిందికి లాగి చూపించమనండి. ఇంకో పని, ఇది ఈ రోజే చేయించండి: మెషిన్ బోర్లా తిప్పి అడుగు మూత తీసి చూడమనండి. లోపల కార్డు ఉండి, దాని మీద పాత బ్యాటరీ ఉంటే, కారినా కారకపోయినా కత్తిరించి తీసేయమనండి.