చేతిలో లేని సరుకు అమ్మితే తప్పా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంట్లోనే ఉండి వాట్సాప్‌లో డ్రెస్ మెటీరియల్స్ అమ్ముతున్నాను. సరుకు నా దగ్గర ఉండదు. విజయవాడ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ షాపువాళ్లు పంపిన ఫొటోలు పెడతాను. డబ్బు వచ్చాక, వాళ్లే కస్టమర్‌కి పార్సిల్ వేస్తారు. ఇది హరామ్ అంటోంది మా ఆడపడుచు. పైగా నెమలికంఠం రంగని పెట్టిన పీస్ ముదురాకుపచ్చ వచ్చిందని ఒకామె వాపసు అడుగుతోంది. ‘నో రిటర్న్’ అని ముందే రాశాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ వ్యాపారం మీద కేసు పడితే కోర్టు షరియత్ చూడదు. 1937 నాటి షరియత్ చట్టం పెళ్లి, మెహర్, వారసత్వం, వక్ఫ్ లాంటివాటికే గానీ అమ్మకాలకు కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం ఇంకా చేతికి రాని సరుకును ఫలానా రోజుకి ఇస్తానని ఒప్పుకోవచ్చు.

మీ ఆడపడుచు మాట మాత్రం తీసిపారేసేది కాదు. ‘జనం నా దగ్గర లేనిది అడుగుతున్నారు, బజారులో కొని ఇవ్వనా?’ అని ప్రవక్త సహచరుడు హకీమ్ ఇబ్న్ హిజామ్ అడిగితే, ‘నీ దగ్గర లేనిది అమ్మవద్దు’ అన్నారు ప్రవక్త (స). అచ్చం మీ సమస్యే. షాపువాడు స్టాక్ లేదంటే మీరు అమ్మింది దేన్ని?

సలమ్ అనే వెసులుబాటు, అంటే డబ్బు ముందే తీసుకుని సరుకు తర్వాత ఇచ్చే బేరం, ఉంది గానీ అది మీకు అతకదు. మొత్తం డబ్బు ముందే తీసుకుని, కొలత, నాణ్యం, గడువు తేల్చుకోవాలి. ఫొటోలోని ఆ ఒక్క పీసే అంటే కుదరదు. క్యాష్ ఆన్ డెలివరీ అసలే కుదరదు.

మీకు సరిపడేది వకాలత్, అంటే ఇంకొకరి తరఫున పని చేయడం. మేం లాయర్లం కోర్టులో వేసే వకాల్తా ఆ మాటే! షాపు తరఫున ఆర్డర్లు పట్టి, పీస్‌కి ఇంతని కమీషన్ ముందే మాట్లాడుకోండి. షాపు పేరు చెబితే కస్టమర్లు నేరుగా వస్త్రలతకే పోతారని మీ భయం, తెలుసు. కానీ పేరు దాస్తే కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ కింద ఏజెంటే సొంతంగా జవాబు చెప్పాల్సి రావచ్చు. పేరు చెప్పడం ఇష్టం లేదంటే, మీరే కొని, సరుకు మీ చేతికో మీ మనిషి చేతికో వచ్చాక అమ్మండి.

ఇక ఆ ముదురాకుపచ్చ పీస్. చెప్పిన రంగు రాకపోతే వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ఆమె పక్షం. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా డబ్బివ్వాలి. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయమైన హనఫీ ఫిఖ్‌లోనూ చూడకుండా కొన్నవారికి చూశాక వద్దనే హక్కుంది, చూడకముందే వదులుకున్నామన్నా చెల్లదు. మీ ‘నో రిటర్న్’ రెండుచోట్లా నిలవదు. ఆమె డబ్బు తిరిగి పంపి, పీస్‌నూ ఫొటోనూ పక్కపక్కన పెట్టి షాపువాళ్లని నిలదీయండి. ఆ చాట్‌లు మాత్రం డిలీట్ చేయకండి.