పగడాలకు వచ్చింది తెగులు కాదు, ఇరుకు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో నాలుగేళ్లుగా పగడాలు పెంచుతున్నాను. గొడుగు పగడం, జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్, కెన్యా ట్రీ, జోయాంథిడ్లు అనే మెత్తటి రకాలు విపరీతంగా పెరిగి తొట్టి నిండిపోయింది. మూడు నెలలుగా అడుగు వరుసలోని రెండు రాతి పగడాలు మొదలు నుంచి తెల్లబడుతున్నాయి. జోయాంథిడ్లు సరిగా విచ్చుకోవడం లేదు. ఇది బాక్టీరియా తెగులని, యాంటీబయోటిక్ వేసి రోజూ అయోడిన్, అమైనో ఆమ్లాలు ఇవ్వాలని దుకాణదారు చెబుతున్నారు. ఫోటోలు పంపాను. ఏ మందు ఎంత మోతాదులో వాడాలి?

జవాబు: ఏ మందూ వాడవద్దు. బాక్టీరియా వల్ల కండ ఊడిపోయే పగడం సాధారణంగా కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి కొన్ని గంటల్లోనే మొత్తం ఖాళీ అవుతుంది గాని ఇలా మూడు నెలలు సాగడం అరుదు. మీ రెండో ఫోటోలో గొడుగు పగడం అంచు నీటి పైభాగాన్ని తాకి ముడుచుకుంది. దాని నీడ ఎంత మేర పడుతున్నదో అంత మేరే రాతి పగడం తెల్లబడింది, వెలుగు తగిలే కొనలు మాత్రం గోధుమ రంగులో ఆరోగ్యంగా ఉన్నాయి. దాని మొదలు దగ్గర బూడిద రంగు మడ్డి పేరుకుని ఉందంటే అక్కడికి నీటి ప్రవాహం చేరడం లేదు. దీనికి తోడు గొడుగు పగడం, కెన్యా ట్రీ వంటి మెత్తటి పగడాలు పొరుగు పగడాలను అణచివేసే రసాయనాలను నీటిలోకి వదులుతాయి.

చెరువులో యాంటీబయోటిక్ వేస్తే సరుకు తిరస్కరణకు గురవుతుందని తెలిసిన రైతు మీరు. ఇంట్లోని తొట్టిలో మాత్రం ఎందుకు పోయాలి? అది అమ్మోనియాను మార్చే మేలు బాక్టీరియాను కూడా చంపి, ఇప్పుడున్న సమస్యకు అమ్మోనియాను జోడిస్తుంది. చేపల మచ్చతెగులుకని అమ్మే రాగి మందులనూ ఈ తొట్టి దరికి రానీయకండి.

చేయవలసింది కత్తిరింపు. గూడూరు నిమ్మతోటలో కొమ్మలు తీసినట్టే, ఒకేసారి అంతా కాకుండా విడతలుగా తీయాలి. ముందు రోజే 60 లీటర్ల కొత్త ఉప్పునీటిని 35 పిపిటి (వెయ్యి వంతుల్లో 35 వంతులు) లవణీయతతో, 26 డిగ్రీల ఉష్ణోగ్రతతో సిద్ధం చేసుకోండి. మొదటి విడతలో గొడుగు పగడాన్ని రాయితో సహా బయటకు తీసి, వేరే టబ్బులోని ఉప్పునీటిలో ఉంచి, కొత్త బ్లేడుతో గొడుగు అంచును చుట్టూ మూడో వంతు కోసి, మరో టబ్బులో కడిగిన తరువాతే తిరిగి పెట్టండి. కోసిన టబ్బు నీరు తొట్టిలోకి పోకూడదు. ఆ తరువాత వారం పది రోజులు అది ముడుచుకుని పైన మైనం వంటి పొర వదులుతుంది. అది సహజమే, కంగారుపడి మళ్లీ దుకాణానికి వెళ్లకండి. అదే రోజు 60 లీటర్ల నీరు మార్చి, నీటిలోని ఆ రసాయనాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్‌ను 150 గ్రాములు కడిగి సంచిలో వేసి ప్రవాహం తగిలే చోట ఉంచి, వారానికి మార్చండి. రెండు వారాల తరువాత కెన్యా ట్రీ, జీనియా, ఆ పై రెండు వారాలకు చాపలా పరుచుకున్న గ్రీన్ స్టార్ పాలిప్‌ను తీయండి. వీటిలో చిన్న తునక మిగిలినా మళ్లీ పెరుగుతుంది కనుక పంపులు ఆపి, తునకలను వలతో ఏరివేయాలి. ఉంచుకునే వాటిని విడి రాళ్ల మీదకు మార్చి, చుట్టూ కనీసం 10 సెంటీమీటర్ల ఇసుక ఖాళీ వదలండి.

గొడుగు తీయగానే ఇన్నాళ్లు నీడలో ఉన్న పగడాల మీద ఒక్కసారిగా పూర్తి వెలుగు పడి అవి పాలిపోతాయి. అందువల్ల కత్తిరించిన రోజే లైటు తీవ్రతను మూడో వంతు తగ్గించి, మూడు వారాల్లో క్రమంగా పాత స్థాయికి తేవాలి.

జోయాంథిడ్ల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. వీటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది, దానికి విరుగుడు మందు లేదు. ఆ రాళ్లను ఉడకబెట్టడం, వేడినీరు పోయడం, బయట బ్రష్‌తో రుద్దడం చేయవద్దు. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి నీటిలోనే పని చేయండి, పిల్లలను ఆ గదిలోకి రానీయవద్దు. నోట్లో చేదు, తిమ్మిరి, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి పాలిటాక్సిన్ పేరు చెప్పండి. కోసిన ముక్కలన్నింటినీ ఆరుబయట, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీటిలో ఒక రోజు ఉంచి పాతిపెట్టండి. పెన్నలోగాని, మైపాడు తీరంలోగాని, మీ చెరువు మురుగుకాలువలోగాని వేయవద్దు. అక్వేరియంల నుంచి బయటపడిన మెత్తటి పగడం వెనిజులా తీరంలో స్థానిక పగడాలను కప్పేసింది.

రాతి పగడాలను కోయవద్దు, వెలుగు, ప్రవాహం ఉన్న చోటికి జరపండి, చాలు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. వాటి కొనుగోలు పత్రాలు మీ వద్ద లేకపోతే అటవీ శాఖ అధికారులను సంప్రదించండి, ముక్కలు చేసి ఎవరికీ ఇవ్వవద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధించినది మరొకటి. సీసాల పేర్లు అన్నీ రాశారు గాని, లవణీయత ఎంత, ఆల్కలినిటీ (నీటి క్షారత) ఎంత అన్నది ఒక్క అంకె లేదు. చెరువుకు వాడే నీటి పరీక్ష కిట్ మీ షెడ్డులోనే ఉంటుంది కదా. సముద్రపు నీటి ఆల్కలినిటీ సుమారు 125 పిపిఎం (పది లక్షల వంతుల్లో 125 వంతులు). తొట్టిలో 140 నుంచి 160 మధ్య నిలకడగా ఉంచండి. తక్కువైతే 9 గ్రాముల వంట సోడాను మంచినీటిలో కరిగించి పోస్తే 300 లీటర్లకు 18 పిపిఎం పెరుగుతుంది, రోజుకు అంతకు మించి పెంచకూడదు. పరీక్షించకుండా ఆ మాత్రం సోడా కూడా వేయవద్దు. తీరం నుంచి నీరు తెచ్చుకునేటట్లయితే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వరద నీటి వల్ల లవణీయత పడిపోతుంది, ప్రతిసారీ లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడండి. రొయ్య పిల్లల హేచరీ నీరైతే బ్లీచింగ్ అవశేషం లేదని నిర్ధారించుకున్న తరువాతే వాడండి. అమైనో ఆమ్లాలు, అయోడిన్ సీసాలను పక్కన పెట్టండి. అయోడిన్‌ను కొలవకుండా రోజూ పోస్తే అదే విషమవుతుంది. అమ్ముకునేవారు తొట్టి చూడకుండా తెగులు పేరు చెబుతుంటే వినవలసిన పని లేదు.

వారానికి రెండుసార్లు ఆల్కలినిటీ, లవణీయత నమోదు చేసి, మూడో విడత కత్తిరింపు పూర్తయిన తరువాత ఆ అంకెలను, అదే కోణంలో తీసిన ఫోటోను పంపండి.