కడుపులో కవలలు.. మా వదిన కొడుకులా అవుతారేమోనని భయం

ప్రశ్న: నా వయసు 29. మాది గాజువాక. మేనత్త కొడుకునే చేసుకున్నాను. పెళ్లైన నాలుగేళ్లకు గర్భం వచ్చింది, కవలలు. ఇప్పుడు పదకొండో వారం. ఇద్దరికీ వేర్వేరు సంచులున్నాయని స్కాన్‌లో చెప్పారు. హిమోగ్లోబిన్ 9.8 ఉందని ఐరన్ మాత్రలిచ్చారు. వచ్చే వారం ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష రాశారు. వాటికంటే ఎన్‌ఐపీటీ అనే ఇంకో రక్తపరీక్ష మంచిదని, అదొక్కటి చేయిస్తే అన్నీ తెలిసిపోతాయని మా బావకు స్నేహితుడెవరో చెప్పాడు. బావ అదే పట్టుకుని కూర్చున్నాడు. అత్త మాత్రం ‘ఏటీ టెస్టులు? ఇన్నాళ్లకు అమ్మ కరుణిస్తే మళ్లీ అనుమానాలా?’ అంటోంది. బురుజుపేట కనకమహాలక్ష్మికి మొక్కుకుంది. ఇంకో సంగతి. అనకాపల్లిలో ఉన్న మా వదిన, అంటే బావ అక్క, ఆమె కొడుక్కి తలసీమియా అనే రక్తజబ్బు. ఎనిమిదేళ్లవాడు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అది అల్లుడి వైపు నుంచి వచ్చిందని, మన డాక్టరుకు చెప్పక్కర్లేదని అత్త అంటుంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఒకరికి ఉండి ఒకరికి లేకపోతే ఏం చేయాలి? అసలు ఏ పరీక్ష చేయించుకోవాలి?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయాన్ని ‘ఇంకో సంగతి’ అని చివర్లో రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ ఇంట్లో గొడవ ఎన్‌ఐపీటీ గురించి జరుగుతోంది. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది తలసీమియా. మామూలుగా మనకు చేసే ఎన్‌ఐపీటీలో తలసీమియా చూడరు. తల్లి రక్తంలో తిరిగే మాయ (ప్లాసెంటా) తాలూకు డీఎన్‌ఏ ముక్కల్ని చూసి డౌన్ సిండ్రోమ్ లాంటి, క్రోమోజోముల లెక్క తేడా వల్ల వచ్చే కొన్ని సమస్యల అవకాశం ఎంతో అది చెబుతుంది. వేలకు వేలు పోసి ఆ పరీక్ష చేయించి, రిపోర్టు బాగుందని ఇంటికొచ్చినా మీ భయం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ‘అన్నీ తెలిసిపోతాయి’ అన్న ఆ స్నేహితుడి మాట మీ బావ మనసులోంచి ముందు తీసేయాలి.

తలసీమియా అల్లుడి వైపు నుంచి వచ్చిందన్న మాట కూడా సగమే నిజం. బీటా తలసీమియా మేజర్, అంటే ఇలా తరచూ రక్తం ఎక్కించాల్సిన రకం, ఉన్న బిడ్డ పుట్టాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. అంటే మీ వదిన కూడా క్యారియరే, లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్న మనిషి. ఆమెకు అది మీ అత్తగారి నుంచో మామగారి నుంచో వచ్చి ఉండాలి. కాబట్టి మీ బావ క్యారియర్ అయ్యే అవకాశం సగానికి సగం. ఇక మీరు. అత్తగారి నుంచే వచ్చి ఉంటే, ఆమె మీ నాన్నగారి తోబుట్టువు. అదే జన్యువు మీ నాన్నగారిలో, మీలో ఉండొచ్చు. మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు తలసీమియా క్యారియర్లే. మేనరికం కావడం వల్ల మీకు ఆ అవకాశం అంతకంటే ఎక్కువ. ఇందులో ఎవరి తప్పూ లేదు. క్యారియర్లు ఆరోగ్యంగానే ఉంటారు, పరీక్ష చేయించుకునేదాకా చాలామందికి తెలియనే తెలియదు. మీ అత్తగారు దాన్ని అల్లుడి మీదికి నెట్టడం వెనక, తన కడుపున పుట్టినవాళ్లకు తన వల్లే వచ్చిందేమో అన్న బాధ ఉందని నాకనిపిస్తోంది. ఆవిడను తప్పుపట్టకండి. డాక్టరుకు మాత్రం చెప్పి తీరాలి.

ఎందుకంటే మీ డాక్టరు ఈ కుటుంబ చరిత్ర తెలియకుండానే ఐరన్ మాత్రలిచ్చారు. కవలల గర్భంలో రక్తం తగ్గడం మామూలే, ఐరన్ కావలసిందే. అయితే తలసీమియా క్యారియర్లలో కూడా హిమోగ్లోబిన్ కాస్త తక్కువగానే ఉంటుంది. మీ దగ్గరున్న సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు తీసి ఎంసీవీ అనే వరుస చూడండి. ఎర్రకణాల సైజు అది. 80 కంటే తక్కువ ఉంటే అది ఐరన్ లోపం కావచ్చు, తలసీమియా క్యారియర్ కావడం వల్లా కావచ్చు. ఏదో తేల్చేది హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష. అందులో హెచ్‌బీఏ2 అనే అంకె 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అంటారు. ఐరన్ బాగా తగ్గినప్పుడు ఆ అంకె తక్కువగా కనిపించి దారి తప్పించగలదు. అందుకే రిపోర్టు మీరే చదువుకుని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. మామూలుగా ముందు భార్యకు చేసి, ఆమె క్యారియర్ అయితేనే భర్తకు చేస్తారు. మీకు వారాలు లెక్క కాబట్టి ఇద్దరూ ఒకే రోజు రక్తమివ్వండి. కేజీహెచ్ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, బయట పెద్ద ల్యాబుల్లోనూ చేస్తారు. ఖర్చు ఎన్‌ఐపీటీలో చిన్న వంతు. కడుపులో బిడ్డలకు దీనివల్ల ఏ ప్రమాదమూ లేదు. చేయించుకోవాలా వద్దా అని ఆలోచించాల్సిన పరీక్షే కాదిది.

మీ ఇద్దరిలో ఒక్కరే క్యారియర్ అయినా, ఇద్దరూ కాకపోయినా మీ పిల్లలకు తలసీమియా మేజర్ భయం దాదాపు లేనట్టే. ఇద్దరూ క్యారియర్లని తేలితే మాత్రం ఒక్కో బిడ్డకు 25 శాతం అవకాశం. కవలలు ఒకే అండం నుంచి వచ్చినవాళ్లయితే ఇద్దరికీ ఉంటుంది, లేదా ఇద్దరికీ ఉండదు. వేర్వేరు అండాలైతే ఎవరి లెక్క వారిదే. అప్పుడు ఇద్దరిలో కనీసం ఒకరికి వచ్చే అవకాశం 44 శాతం దాకా వెళుతుంది. ఈ అంకె చూసి కంగారు పడకండి. ఇద్దరూ క్యారియర్లని తేలితేనే ఈ లెక్క.

ఇప్పుడు మీ వదిన దగ్గరికి వస్తాను. మీ ఇద్దరూ క్యారియర్లని తేలితే, కడుపులో పిల్లలకు పరీక్ష చేసేముందు మీ జన్యువులో లోపం సరిగ్గా ఏ చోట ఉందో తెలియాలి. ఆ సమాచారం మీ మేనల్లుడి ఫైల్లో ఉండొచ్చు. వాడికి జన్యుపరీక్ష చేసి ఉంటే ఆ కాగితం మీకు ఎన్నో రోజులు మిగులుస్తుంది. ఈ ఆదివారమే అనకాపల్లి వెళ్లండి. ఫోన్‌లో అడగకండి.

అడగడం కష్టమని నాకు తెలుసు. ‘మా వాడిలాంటి పిల్లాడు మీకొద్దనేగా ఈ పరీక్షలు’ అని ఆమె అనొచ్చు. అనకపోయినా అనుకోవచ్చు. రక్తం ఎక్కించే వార్డులో కూర్చునే తల్లులతో నేను చాలాసార్లు మాట్లాడాను. ఆ పిల్లలకు చెయ్యి చాపమని ఎవరూ చెప్పక్కర్లేదు. మంచమెక్కి వాళ్లే చాపుతారు, ఏ నరం దొరుకుతుందో వేలితో నర్సుకు చూపిస్తారు. తల్లి పక్కన కూర్చుని తర్వాతి సారికి దాత ఎవరా అని ఫోన్‌లో పేర్లు వెతుక్కుంటూ ఉంటుంది. అంత మోస్తున్న మనిషి దగ్గరికి మీరు మీ భయం తీసుకుని వెళుతున్నారు. ముందు వాడి గురించి అడగండి. ఈ నెల రక్తం దొరికిందా, రక్తం ఎక్కించడంతో ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందు వేసుకుంటున్నాడా అని అడగండి. ఆ తర్వాత, ‘వదినా, మా ఇద్దరికీ ఈ లక్షణం ఉందేమో చూపించుకుంటున్నాం. చిన్నోడి రిపోర్టులు ఉంటే ఇస్తావా? దీని గురించి నీకంటే తెలిసినవాళ్లు మనింట్లో ఎవరూ లేరు’ అనండి. మనసులో ఉన్నది అదే కదా. చాలామంది తల్లులు ఇలా అడిగినందుకు సంతోషిస్తారు. ఇన్నేళ్లలో ఆ జబ్బు గురించి తమను ఎవరూ అడగకపోవడమే వాళ్లకు ఎక్కువ బాధ. ఆమె బాధపడి మాట్లాడకపోతే వాదించకుండా వచ్చేయండి. పరీక్షలు మాత్రం ఆపకండి, ఆ ఫైలు లేకపోయినా దారి ఉంది, కాస్త సమయం పడుతుందంతే.

ఎన్‌టీ స్కాన్ తప్పకుండా చేయించుకోండి. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే దాన్ని చేయాలి. బిడ్డ మెడ వెనక నీటి పొర మందాన్ని ఇద్దరికీ విడివిడిగా కొలుస్తారు. మీకు ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. వేర్వేరు సంచులన్నారు సరే, మాయ ఒకటా రెండా అన్నది వేరే విషయం. రెండు సంచులుండి మాయ ఒకటే ఉండొచ్చు. అది ఈ వారాల్లోనే బాగా తెలుస్తుంది, తర్వాత కష్టం. మాయ ఒకటే అయితే ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు మళ్లే ప్రమాదం ఉంటుంది కాబట్టి 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయించుకోవాలి. మాయ సంగతి రిపోర్టులో రాయమని అడగండి.

ఎన్‌ఐపీటీ మీ ఇష్టం. మీ వయసుకు డౌన్ సిండ్రోమ్ అవకాశం తక్కువ, 30 ఏళ్లకు సుమారు 900 మందిలో ఒకరు. మేనరికం వల్ల అది పెరగదు. డౌన్ సిండ్రోమ్ అవకాశాన్నే అంచనా వేసే డబుల్ మార్కర్ కవలల్లో కాస్త తడబడుతుంది, ఇద్దరి మాయల నుంచి వచ్చే పదార్థాలు ఒకే రక్తంలో కలిసిపోతాయి. డౌన్ సిండ్రోమ్ వరకు ఎన్‌ఐపీటీ దానికంటే నమ్మదగ్గది. కానీ తేడా ఉందని వస్తే అది ఏ బిడ్డకో చెప్పదు, కడుపులోకి సూది పెట్టి మాయ ముక్కో ఉమ్మనీరో తీసే సూది పరీక్షతో నిర్ధారించుకోవాల్సిందే. డబ్బు ఇబ్బంది లేకపోతే చేయించుకోండి. చేయించలేకపోతే ఏదో పొరపాటు చేశామని బాధపడకండి. ఈ పరీక్షలో ఆడో మగో తెలుస్తుందని ఎవరైనా ఆశపెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 1994 చట్టం ప్రకారం అది నేరం.

సూది పరీక్ష గురించి ఈ రోజు నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం లేదు. మీరిద్దరూ క్యారియర్లని తేలినా, స్కాన్‌లో తేడా కనిపించినా అప్పుడే ఆ మాట. మాయ నుంచి ముక్క తీసేది 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీరు తీసేది 15 వారాలు నిండాక. కవలలైతే ఇద్దరి నుంచీ తీయాలి. దీనివల్ల గర్భం పోయే అదనపు ప్రమాదం ఒక్క బిడ్డ ఉన్నప్పుడు అనుభవమున్నవారి చేతిలో అర శాతం లోపు, కవలల్లో 1 శాతం చుట్టూ ఉంటుంది. కడుపులో బిడ్డల వైద్యం చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టరే చేయాలి. కవలలకు చేసిన అనుభవం ఉందా అని నేరుగా అడగండి, అందులో మొహమాటం వద్దు. లాభనష్టాలన్నీ మీకు వివరించి, మీకు అర్థమయ్యే భాషలో రాసిన కాగితం మీదే సంతకం తీసుకోవాలని, దాని కాపీ మీకివ్వాలని చట్టంలోనే ఉంది. తెలుగు కాగితం అడగండి.

ఒకరికి ఉండి ఒకరికి లేకపోతే? ఈ ప్రశ్న మీరు బావతో అనలేదని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. అనండి. జవాబు ఇప్పుడే రానక్కర్లేదు, ప్రశ్న మాత్రం మీ ఇద్దరి మధ్యకు రావాలి. రిపోర్టు చేతిలో పట్టుకుని ఆసుపత్రి కారిడార్లో మొదటిసారి మాట్లాడుకునే విషయం కాదది. వైద్యపరంగా ఉన్న దారులు చెబుతాను. ఇద్దరినీ కని, జబ్బున్న బిడ్డకు పుట్టిన కొన్ని నెలల్లోనే చికిత్స మొదలుపెట్టుకోవచ్చు. సరిగ్గా రక్తం, ఐరన్ తగ్గించే మందులు అందితే ఈ పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా కూడా ఉంది. రెండో దారి, మాయలు వేరైతే జబ్బున్న బిడ్డ వరకు గర్భాన్ని ఆపడం సాధ్యమే. అందులో రెండో బిడ్డను కూడా పోగొట్టుకునే ప్రమాదం కొంత ఉంది. ఇక ఒకే మాయ అయితే కవలలు ఒకే అండం వాళ్లు, ఈ జబ్బు విషయంలో ఇద్దరిదీ ఒకటే ఫలితం కాబట్టి మీరు అడిగిన ప్రశ్న దాదాపు రాదు.

ఈ దారుల్లో ఏది మంచిదో నేను చెప్పను. రెండు వైపులా నిర్ణయం తీసుకున్న దంపతులను చూశాను, వాళ్లందరూ పిల్లల మీద ప్రేమతోనే తీసుకున్నారు. ఒక్క విషయం గట్టిగా చెబుతాను. పరీక్ష చేయించుకుంటే గర్భం తీయించుకోవడానికి ఒప్పుకున్నట్టు కాదు. తెలుసుకుని ఇద్దరినీ కంటామన్నా మిమ్మల్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. గర్భస్రావానికి చట్టం అడిగేది మీ సమ్మతి ఒక్కటే, బావదీ అత్తదీ కాదు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 2021 సవరణ తర్వాత, బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు అనుమతితో చేయొచ్చు. అంటే ఎవరూ మిమ్మల్ని ‘ఇవాళే తేల్చు’ అని తొందరపెట్టనక్కర్లేదు. కానీ వారాలు గడిచేకొద్దీ శరీరానికీ మనసుకూ కష్టం పెరుగుతుంది, అందుకే హెచ్‌పీఎల్‌సీ ఈ వారమే అంటున్నాను.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ మొక్కుకూ ఈ పరీక్షలకూ ఏ పేచీ లేదు. పిల్లలు పుట్టాక ఇద్దరినీ బురుజుపేట తీసుకెళ్లి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టండి. ఆవిడతో మాట్లాడాల్సింది మీరు కాదు, కొడుకు. ‘అమ్మా, నా రక్తం కూడా పరీక్షకిచ్చాను’ అని బావ చెబితే, ఇదంతా కోడలి అనుమానాలన్న మాట ఇంట్లో ఆగిపోతుంది. ఎన్‌టీ స్కాన్‌కు బావను తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

రిపోర్టుల్లో ఇద్దరూ క్యారియర్లని వస్తే ఆ రోజే మీ డాక్టరుతో మాట్లాడి జెనెటిక్స్ నిపుణుల అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇక్కడ వెంటనే దొరక్కపోతే హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. రాత్రి రైలెక్కితే పొద్దునకు చేరతారు. వెళ్లేటప్పుడు మీ ఇద్దరి రిపోర్టులు, స్కాన్ కాగితాలు, వదిన ఇచ్చిన ఫైలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.